సీల్ మార్చుదామని విప్పాను

మొదటి శనివారం

మోటార్‌సైకిల్ ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌లో ఎడమ పైపు మీద నూనె జిడ్డు కనబడి చాలా రోజులైంది. తుడిస్తే రెండు రోజులు బాగుంటుంది, మళ్ళీ దుమ్ము కలిసి నల్లటి ఉంగరంలా పేరుకుంటుంది. ఈ వారం అది కిందకి జారి బ్రేక్ కాలిపర్ దగ్గరకి వచ్చేసింది. డిస్క్ మీద నూనె పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు కాబట్టి ఇక వాయిదా వేయకుండా ఇవాళ మొదలుపెట్టాను. అనుకున్న పని చాలా చిన్నది: నూనె కారకుండా ఆపే రెండు ఆయిల్ సీళ్ళు, కొత్త నూనె, ఒక సాయంత్రం.

బండి 1977 నాటి యమహా ఎక్స్‌ఎస్650, 653 సిసి ట్విన్. ఆ ఏడాది నుంచే దీనికి 35 మి.మీ. ఫోర్క్ పైపులు వచ్చాయి, అంతకు ముందువి 34. నా దగ్గరకి వచ్చేలోపు ఎన్ని చేతులు మారిందో, ముందు చక్రం ఎన్ని గోతుల్లో పడి లేచిందో దానికే తెలియాలి. లీకు కాకుండా ఇంకో రెండు బాధలు కూడా ఉన్నాయి. బ్రేక్ నొక్కితే ముందు భాగం మొత్తం తల వంచి దణ్ణం పెడుతుంది. చిన్న చిన్న గతుకుల మీద మాత్రం ఫోర్క్ అసలు కదలనట్టే ఉండి, ఆ దెబ్బంతా మణికట్టుకి తగులుతుంది. మెత్తగానూ ఉంది, గట్టిగానూ ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎలా ఉంటాయా అని అప్పట్లో పెద్దగా ఆలోచించలేదు.

విప్పే ముందు కొలతలు రాసుకున్నాను. పైపుకి ఒక ప్లాస్టిక్ జిప్ టై బిగించి, చక్రం గాల్లో ఉన్నప్పుడు ఒక కొలత, నేను ఎక్కి కూర్చున్నాక ఒక కొలత. ఫోర్క్ కదలగల మొత్తం దూరం, అంటే ప్రయాణం, 140 మి.మీ. వచ్చింది. నా బరువుకి ఎంత కుంగుతోందో రెండు రకాలుగా కొలవాలి: ఒకసారి ఫోర్క్‌ని కిందకి నొక్కి మెల్లగా పైకి రానిచ్చి, రెండోసారి పైకి ఎత్తి మెల్లగా కిందకి దిగనిచ్చి. మొదటి పద్ధతిలో 74, రెండో పద్ధతిలో 50. సగటు 62. అంటే నేను ఊరికే కూర్చుంటేనే ప్రయాణంలో దాదాపు సగం అయిపోతోంది. మూడో వంతుకి కాస్త అటూ ఇటూగా ఉంటే మంచిదంటారు. స్ప్రింగులు అయిపోయాయి అని పక్కన రాసుకున్నాను.

ఆ రెండు కొలతల మధ్య తేడా 24 మి.మీ. అని కూడా రాశాను. రాశాను గానీ పట్టించుకోలేదు.

ఆదివారం

విప్పడం. చక్రం తీసే ముందు కాలిపర్‌ని తాడుతో హ్యాండిల్‌కి కట్టేశాను, గొట్టం మీద బరువు వేలాడకూడదు. మడ్‌గార్డు బోల్టులు నాలుగింటిలో రెండు చాలా బిగుతుగా వచ్చాయి, అవి ఊడగానే మడ్‌గార్డు బ్రాకెట్ టప్పుమని పక్కకి జరిగింది. తుప్పు వల్లేమో అనుకున్నాను.

పై మూతల్ని ఫోర్క్ బండి మీద ఉండగానే వదులు చేయాలి. దానికి ముందు మూత చుట్టూ పట్టుకునే పై క్లాంప్ బోల్టుని కూడా వదలాలి, లేకపోతే మూత మరలు పాడవుతాయి. ఇది గుర్తుంది, చేశాను. గుర్తు లేనిది ఇంకొకటి. పైపు మీద జారే కింది గొట్టాన్ని స్లైడర్ అంటారు, దాని అడుగున ఉండే ఎలెన్ బోల్టుని కూడా స్ప్రింగ్ లోపల ఉండగానే కాస్త కదిలించి పెట్టుకోవాలి. ఎందుకంటే ఆ బోల్టు లోపలున్న డ్యాంపర్ రాడ్ అనే బోలు కడ్డీలోకి మరలు ఎక్కి ఉంటుంది, స్ప్రింగ్ ఒత్తిడి ఉంటేనే ఆ రాడ్ తిరగకుండా నిలబడుతుంది. నేను ఉత్సాహంగా ముందు స్ప్రింగులు బయటకి లాగేశాను. తర్వాత ఎలెన్ కీ తిప్పితే బోల్టుతో పాటు రాడ్ కూడా హాయిగా గిరగిరా తిరుగుతోంది.

కుడివైపుది స్ప్రింగ్ మళ్ళీ వేసి, మూత పెట్టి, ఫోర్క్‌ని నేలకేసి నొక్కిపట్టి తిప్పితే వచ్చేసింది. ఎడమది రాలేదు. చివరికి పాత చీపురు కర్ర ఒక చివర పెన్సిల్‌లా చెక్కి, పైనుంచి గొట్టంలోకి దింపి, రాడ్ తలలోకి సుత్తితో రెండు దెబ్బలు వేసి బిగించి, కర్రని మోకాళ్ళ మధ్య పట్టుకుని తిప్పాను. వచ్చింది. సొంతంగా కనిపెట్టిందేమీ కాదు, ఫోర్కులు విప్పే వాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు కర్ర చెక్కిన వాళ్ళే.

నూనె సంగతి: ఫోర్క్ కుడి కాలు నుంచి 150 మి.లీ., ఎడమ కాలు నుంచి 90. బూడిద రంగు, కుళ్ళిన చేపల వాసన, వెలుతురులో పట్టుకుంటే వెండి మెరుపు. ఆ మెరుపు అల్యూమినియం. ఈ ఫోర్కులో మార్చుకోవడానికి విడి బుష్‌లు (జారే చోట ఉండే తొడుగులు) లేవు, ఉక్కు పైపు నేరుగా అల్యూమినియం స్లైడర్‌లోనే జారుతుంది. కాబట్టి నూనెలో మెరిసేదంతా నా స్లైడర్ల లోపలి గోడే.

సీళ్ళు తీయడానికి మూడు గంటలు పట్టింది. డస్ట్ కవర్ కింద సీల్‌ని పట్టి ఉంచే సర్క్లిప్ తుప్పు పట్టి గాడిలో కలిసిపోయింది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, ఆగి, మళ్ళీ కొట్టి, సూదిలాంటి పనిముట్టుతో కొంచెం కొంచెం గీకాల్సి వచ్చింది. సీల్‌ని స్క్రూడ్రైవర్‌తో పెకలించబోయి కుడి స్లైడర్ అంచు మీద ఒక గీత పెట్టాను. తర్వాత బుద్ధి వచ్చి స్లైడర్‌ని హీట్ గన్‌తో వేడి చేసి, అంచు మీద చెక్కముక్క ఆన్చి, టైరు లివర్‌తో ఎత్తితే రెండోది సులువుగా ఊడింది. అల్యూమినియం వేడికి ఉక్కు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు వదులుతుంది. ఇది ముందే తెలుసు, ముందే చేయలేదు. గీత పడిన చోట సన్న ఎమరీ పేపర్‌తో నున్నగా చేశాను, సీల్ కూర్చునే గోడకి తగల్లేదు కాబట్టి బతికిపోయాను.

బుధవారం రాత్రి

భాగాలన్నీ కిరోసిన్‌లో కడిగి వరసగా పేర్చాను. ఎడమవీ కుడివీ కలవకుండా రెండు ట్రేలు.

పైపుల్ని అద్దం పలక మీద దొర్లించాను. కుడిది నిశ్శబ్దంగా దొర్లింది. ఎడమది ప్రతి చుట్టుకీ ఒకసారి టిక్ అంటోంది. వి బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్ ఆన్చి తిప్పితే కుడిది 0.05, ఎడమది 0.35 మి.మీ. గేజ్ చూపించే అంకె అసలు వంపుకి రెట్టింపు ఉంటుంది, అంటే నిజమైన వంపు 0.17 చిల్లర. వినడానికి ఏమీ కాదు. సాధారణంగా గేజ్ మీద 0.2 దాటితే వంగిందనే లెక్క. వంపు ఎక్కడుందంటే, సరిగ్గా కింది క్లాంప్ దిగువన. ముందు చక్రం దేన్నైనా ఎదురుగా గుద్దితే వంగే చోటు అదే.

దానికి తోడు ఎడమ పైపు క్రోమ్ మీద గుంటలు. క్లాంపుల మధ్య ఉండే భాగంలో గుంటలున్నా నష్టం లేదు, చూడ్డానికి బాగోవు అంతే. సీల్ పెదవి ఎక్కి దిగే ఆ 140 మి.మీ. మేరలో ఉంటేనే సమస్య, అక్కడ ఒక్క గుంట అంచు గోరుకి తగిలినా అది ప్రతి గతుకుకీ సీల్‌ని కత్తిలా గీస్తుంది. ఒకటో రెండో చిన్న గుంటలైతే ఎపాక్సీతో నింపి, ఆరాక సన్నరాయితో సమం చేసి వాడుకోవచ్చు. నాకు ఆ మేరలో పదకొండు ఉన్నాయి. వంగిన పైపు మీద గుంటలు పూడ్చుకుంటూ కూర్చోవడం అనవసరం అనిపించి జత కొత్తవి తెప్పించాలని నిర్ణయించాను. ఒక సాయంత్రం పని కాస్తా అధికారికంగా ప్రాజెక్టు అయిపోయింది.

పాత స్ప్రింగులు రెండూ పక్కపక్కన నిలబెడితే ఒకటి ఇంకోదానికన్నా 6 మి.మీ. పొట్టి.

రెండో శనివారం

పైపులు వచ్చేదాకా లెక్కలు.

పాత స్ప్రింగ్ గట్టితనం కొలవడానికి బరువు తూచే మిషన్‌ని డ్రిల్ ప్రెస్ బల్ల మీద పెట్టి, దాని మీద స్ప్రింగ్ నిలబెట్టి, ప్రెస్‌తో 20 మి.మీ. నొక్కి బరువు చదివాను. 11 కిలోలు. అంటే మి.మీ.కి 0.55 కిలో. రెండు కాళ్ళకి కలిపి 1.1.

ఇప్పుడు బండి లెక్క. పెట్రోలు, నేను అన్నీ కలిపి 297 కిలోలు అనుకుందాం. అందులో ముందు చక్రం మీద 46 శాతం వేసుకుంటే 137. చక్రం, డిస్క్, స్లైడర్లు స్ప్రింగ్ కింద ఉండేవి, వాటి బరువు స్ప్రింగ్ మొయ్యదు, ఓ 22 తీసేస్తే 115. ఫోర్క్ నిటారుగా ఉండదు, దాదాపు 27 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి పైపు దిశలో పడేది 102 కిలోలు. 102ని 1.1తో భాగిస్తే 93 మి.మీ. స్ప్రింగ్‌ని బిగించినప్పుడే ముందుగా 30 మి.మీ. నొక్కి ఉంచుతున్నాం, అది పోతే 63. నేను కొలిచిన సగటు 62! కాగితం మీద లెక్క ఇంత దగ్గరగా రావడం నా జీవితంలో అరుదు, కాబట్టి కాసేపు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాను.

అదే లెక్కలో మి.మీ.కి 0.8 కిలో స్ప్రింగులు వేసి, 25 మి.మీ. ముందు ఒత్తిడి పెడితే: 102ని 1.6తో భాగిస్తే 64, అందులో 25 పోతే 39. మూడో వంతుకి దగ్గర్లో ఉంది. 0.8 తెప్పించాను.

ఇక్కడ ఒక మాట. పాత స్ప్రింగుల మీదే ఇంకో 25 మి.మీ. వాషర్లు పేర్చినా కుంగు 38కి వస్తుంది, చాలామంది అదే చేసి స్ప్రింగ్ గట్టిపడింది అనుకుంటారు. గట్టిపడదు. స్ప్రింగ్ అదే, మి.మీ.కి 0.55 అదే. బండి ఎత్తు మాత్రం పెరుగుతుంది, బ్రేక్ కొడితే మళ్ళీ అంతే దూరం దిగుతుంది. పైగా చక్రం గాల్లోకి లేచినప్పుడల్లా ఫోర్క్ పూర్తిగా సాగి పైన టంగుమని కొట్టుకుంటుంది.

స్ప్రింగ్ అయింది, ఇక నూనె. ఈ తరం ఫోర్కుల్లో చాలావాటిలో ఉండేది డ్యాంపర్ రాడ్ పద్ధతి: ఒక బోలు కడ్డీ, దానికి కొన్ని రంధ్రాలు, ఫోర్క్ కదిలితే నూనె ఆ రంధ్రాల గుండా దూరి వెళ్ళాలి, ఆ దూరడంలోని శ్రమే అదుపు. 1934లో డెన్మార్క్ నింబస్ బండికి టెలిస్కోపిక్ ఫోర్క్ వచ్చింది గానీ నూనె అదుపు లేదు, మరుసటి ఏడాది బీఎండబ్ల్యూ ఆర్12 నూనె అదుపుతో సహా తెచ్చింది. మూల ఆలోచన అప్పటి నుంచీ ఒకటే.

చిక్కు ఆ రంధ్రంలోనే ఉంది. మారని రంధ్రం గుండా నూనెని తోస్తే, వేగం రెట్టింపైనప్పుడు అడ్డు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. బ్రేక్ కొట్టినప్పుడు ఫోర్క్ దిగేది మెల్లగా, అక్కడ నూనె అడ్డు దాదాపు లేదు, అందుకే ఆ దణ్ణం. పదునైన గతుకు తగిలినప్పుడు ఫోర్క్ దిగాల్సింది చాలా వేగంగా, అక్కడ నూనె గోడలా నిలబడుతుంది, అందుకే మణికట్టుకి దెబ్బ. చిక్కటి నూనె పోస్తే మొదటిది కాస్త నయమై రెండోది ఘోరమవుతుంది, పల్చటిది పోస్తే తలకిందులు. మెత్తగానూ గట్టిగానూ ఒకేసారి ఎలా ఉందో ఇప్పుడు అర్థమైంది అనుకున్నాను. సగమే అర్థమైందని తర్వాత తేలింది.

దీనికి మందు ఎమ్యులేటర్. రేస్ టెక్ వాళ్ళ గోల్డ్ వాల్వ్ పేరుతో ప్రసిద్ధం. చిన్న గుండ్రటి లోహపు ముక్కలా ఉంటుంది, డ్యాంపర్ రాడ్ తల మీద కూర్చుంటుంది, ప్రధాన స్ప్రింగే దాన్ని నొక్కి పట్టుకుంటుంది. నూనె మెల్లగా వస్తే చిన్న రంధ్రం గుండా వెళ్ళాలి, వేగంగా వస్తే ఒక చిన్న స్ప్రింగ్ పట్టుకున్న పలక తెరుచుకుని దారి ఇస్తుంది. రంధ్రం పరిమాణం అవసరాన్ని బట్టి మారుతున్నట్టు లెక్క. అవీ తెప్పించాను.

రెండో ఆదివారం

డ్యాంపర్ రాడ్లకి రంధ్రాలు. ఎమ్యులేటర్ పని చేయాలంటే కిందకి దిగేటప్పుడు అడ్డుపడే పాత రంధ్రాలు అడ్డుపడకుండా ఉండాలి, కాబట్టి రాడ్ అడుగు భాగంలో 8 మి.మీ. రంధ్రాలు ఆరు, రెండేసి చొప్పున మూడు వరసల్లో, ఒక వరసకి ఇంకో వరస అడ్డంగా. అన్నీ ఒకే గీతలో తొలిస్తే రాడ్ అక్కడే విరుగుతుంది. పైన తల దగ్గరున్న చిన్న రంధ్రాల్ని ముట్టుకోకూడదు, ఫోర్క్ తిరిగి పైకి లేచేటప్పుడు అదుపు చేసేది అవే, వాటి పని ఎమ్యులేటర్ చేయదు.

తొలిచాక లోపలా బయటా పొక్కుల్ని రుద్ది నున్నగా చేయడానికి తొలచడం కన్నా ఎక్కువ సమయం పట్టింది. చెవిలో పెట్టుకునే దూదిపుల్ల తిప్పి చూశాను, ఎక్కడా దూది చిక్కుకోకపోతేనే అయినట్టు. రాడ్ తల చుట్టూ ఉండే పిస్టన్ రింగ్ కూడా మార్చాను.

తప్పు నంబర్ ఎన్నో గుర్తులేదు: స్ప్రింగ్ మీద పెట్టే స్పేసర్ని పీవీసీ పైపుతో కోసినప్పుడు ఎమ్యులేటర్ ఎత్తు లెక్కలోంచి తీసేయడం మర్చిపోయాను. మూత మరలు అందుకోవడమే లేదు, ఛాతీతో నొక్కినా అందదు. పది నిమిషాలు కుస్తీ పట్టాక స్పేసర్ పొడుగైందని వెలిగింది. మళ్ళీ కోశాను, కోసిన అంచు వాలు లేకుండా సమంగా ఉందో లేదో పలక మీద నిలబెట్టి చూశాను, రెండు చివర్లా ఉక్కు వాషర్లు పెట్టాను. వాషర్ లేకపోతే స్ప్రింగ్ కొస పీవీసీని కొరుక్కుంటూ లోపలికి పోతుంది.

మూడో శనివారం

బిగింపు. కొత్త పైపు అంచుకి పల్చటి ప్లాస్టిక్ సంచి చుట్టి, దాని మీంచి సీల్ దింపాను, పెదవి చిరగకుండా. సీల్ కొట్టడానికి పైపుకి సరిపోయే పీవీసీ ముక్క, మధ్యలో పాత సీల్. పాత సీల్‌ని ముందే ఒక చోట కోసి ఉంచుకోవాలి, లేకపోతే అది కూడా కొత్తదాని మీద ఇరుక్కుని ఇంకో గంట తినేస్తుంది. సుత్తి శబ్దం ఒక్కసారి మారుతుంది, మొద్దుగా ఉన్నది గట్టిగా మోగుతుంది, అప్పుడు సీల్ అడుగుకి చేరినట్టు. సర్క్లిప్ కొత్తది. అడుగు ఎలెన్ బోల్టుకి కొత్త రాగి వాషర్, మరలకి రెండు చుక్కలు థ్రెడ్‌లాకర్.

నూనె విషయంలో డబ్బా మీది చిక్కదనం అంకెని నమ్మకండి. ఒకరి 10 ఇంకొకరి 10కి సమానం కాదు. 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఎంత అన్నదే పోల్చాల్సింది, అది డబ్బా మీద కాకుండా తయారీదారు ఇచ్చే సాంకేతిక పత్రంలో ఉంటుంది. నేను 15 పోశాను. కొలత మి.లీ.లలో కాదు, ఎత్తులో: స్ప్రింగ్ బయట, ఫోర్క్ పూర్తిగా మూసి, పదిహేను సార్లు పైకీ కిందకీ ఆడించి బుడగలు పోయేదాకా ఆగి, పైపు అంచు నుంచి నూనె దాకా 140 మి.మీ. ఆ పైన మిగిలిన గాలి కూడా ఒక స్ప్రింగే. నూనె మట్టం 10 మి.మీ. పెంచితే మొదటి సగంలో తేడా తెలియదు, అడుగుకి చేరేకొద్దీ గట్టిపడుతుంది. రెండు కాళ్ళలో మట్టం ఒకేలా ఉండటం ముఖ్యం, ఇంజెక్షన్ సిరంజికి గొట్టం తగిలించి ఎక్కువైంది లాగేశాను.

హ్యాండిల్ తిరిగే బేరింగులు, అంటే స్టీరింగ్ కోన్ సెట్ కూడా చూశాను, హ్యాండిల్ నేరుగా ఉన్న చోట చిన్న గంటులా పట్టుకుంటోంది. బాల్స్ స్థానంలో టేపర్ రోలర్ బేరింగులు వేశాను. ఇది వేరే కథ.

మూడో ఆదివారం

అన్నీ ఎక్కించి, చక్రం వేసి, ఎక్కి కూర్చుని, కొలిచాను. నొక్కి వదిలితే 50. ఎత్తి దింపితే 31. సగటు 40 చిల్లర, లెక్క ప్రకారం 39 రావాలి. బ్రహ్మాండం.

తేడా 19.

ముందు సంతోషించాను, 24 నుంచి 19కి తగ్గింది కదా అని. రాత్రి పడుకున్నాక తట్టింది. ఆ తేడా అసలు ఎక్కడిది? రాపిడి. ఫోర్క్ ఎక్కడో పట్టేసుకుంటోంది, స్ప్రింగ్ తోసినా కదలనంత పట్టు. ఆ తేడాలో సగాన్ని స్ప్రింగ్ గట్టితనంతో గుణిస్తే రాపిడి కిలోల్లో వస్తుంది. పాతది: 12 మి.మీ. ఇంటూ 1.1, అంటే 13 కిలోలు. కొత్తది: 9.5 ఇంటూ 1.6, అంటే 15 కిలోలు. స్ప్రింగ్ గట్టిపడింది కాబట్టి మి.మీ.లు తగ్గినట్టు కనబడ్డాయి గానీ రాపిడి తగ్గలేదు, కొత్త సీళ్ళతో ఇంకాస్త పెరిగింది!

కొత్త పైపులు, కొత్త స్ప్రింగులు, ఎమ్యులేటర్లు, అన్నీ వేశాక ఫోర్క్ మొదటి రోజు కన్నా ఎక్కువ బిగుసుకుని ఉంది. పదిహేను కిలోల దెబ్బ తగిలితే గానీ ఇది కదలదు. చిన్న గతుకులకి మణికట్టు నొప్పి నూనె వల్ల మాత్రమే కాదు, ఫోర్క్ కదలడమే మొదలుపెట్టట్లేదు. మొదటి శనివారం నా చేత్తో నేనే రాసుకున్న అంకె అది.

సోమ, మంగళ, బుధ

పని నుంచి వచ్చాక రోజుకి గంట. మూతలు విప్పి స్ప్రింగులు తీసేశాను. స్ప్రింగ్ లేని ఫోర్క్‌ని చక్రం పట్టుకుని చేత్తో ఎత్తి దించొచ్చు, ఎక్కడ పట్టుకుంటోందో చేతికే తెలుస్తుంది. మధ్యలో ఓ చోట గట్టిగా, మిగతా చోట్ల ఫర్వాలేదు.

ముందు రెండు పైపులు ఒకే తలంలో ఉన్నాయా అని చూశాను. రెండిటి మీదా అద్దం ముక్క ఆన్చితే నాలుగు మూలలూ తగలాలి, నాది ఒక మూల ఊగుతోంది. రెండు క్లాంపులూ ఒకదానితో ఒకటి కొంచెం మెలి తిరిగి ఉన్నాయి. బోల్టులన్నీ వదిలి, చక్రాన్ని కాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి, మళ్ళీ అద్దం పెట్టి, నాలుగోసారికి ఊగడం ఆగింది. కింది క్లాంప్ ముందు, స్టీరింగ్ పై నట్టు తర్వాత, పై క్లాంప్ ఆఖర్న బిగించాను.

యాక్సిల్ కూడా తప్పుగా బిగించాను. యాక్సిల్ నట్టు బిగించి, రెండో కాలి దగ్గర యాక్సిల్‌ని పట్టుకునే క్లాంప్ వదులుగా ఉంచి, ముందు బ్రేక్ పట్టుకుని ఫోర్క్‌ని నాలుగైదు సార్లు గట్టిగా నొక్కాలి, అప్పుడు ఆ కాలు తనకి నచ్చిన చోటికి యాక్సిల్ మీద జరుగుతుంది, ఆ తర్వాతే క్లాంప్ బిగించాలి. నేను వరసగా అన్నీ బిగించేశాను. స్ప్రింగులు తిరిగి వేసి, ఇలా చేసి కొలిస్తే తేడా 15.

మిగిలింది దొరకలేదు. బుధవారం విసుగొచ్చి, వెలుతురు సరిగ్గా పడట్లేదని మడ్‌గార్డు తీసేశాను. బోల్టులు ఊడగానే బ్రాకెట్ టప్పుమని పక్కకి జరిగింది.

ఆ శబ్దం విప్పిన రోజు కూడా విన్నాను. తుప్పు కాదు. బ్రాకెట్ వెడల్పు రెండు స్లైడర్ల మధ్య దూరం కన్నా 1.5 మి.మీ. తక్కువ, ఎప్పటిదో గుద్దుడులో పైపుతో పాటు అదీ వంగి ఉంటుంది. బోల్టు బిగించిన ప్రతిసారీ రెండు కాళ్ళనీ దగ్గరకి లాగేస్తోంది. రెండు పైపులూ సమాంతరంగా, వాటి మీద జారే స్లైడర్లు లోపలికి వాలి, ఇంక పట్టుకోక ఏం చేస్తుంది. నూనెలో ఆ వెండి మెరుపు ఎక్కడిదో కూడా తేలిపోయింది. ఒక పక్క 1.5 మి.మీ. వాషర్లు రెండు పెట్టి బోల్టులు చేతివేళ్ళతో ఎక్కేలా చేసి, అప్పుడు బిగించాను.

43, 36. తేడా 7. కిలోల్లో ఐదున్నర.

ఆ రెండు వాషర్లు పాత డబ్బాలో దొరికినవి.

నాలుగో శనివారం

బండి ఎక్కాను. మొదటి కిలోమీటరులోనే తెలిసిపోయింది, రోడ్డు మీద గరుకు హ్యాండిల్ దాకా రావట్లేదు. బ్రేక్ కొడితే దిగుతుంది గానీ ఒక చోట ఆగి నిలబడుతుంది. జిప్ టై ప్రకారం మామూలు నడకలో 112 మి.మీ., గట్టి బ్రేక్‌కి 125, ఒక్కసారీ అడుగుకి తగల్లేదు.

రెండు లోపాలు. పదునైన అంచుల మీద, రోడ్డు ఎత్తు ఒక్కసారి మారే చోట్ల, ఇంకా కాస్త కటువుగా ఉంది. ఎమ్యులేటర్ స్ప్రింగ్‌ని 2 చుట్లు బిగించి పెట్టాను, ఒకటిన్నరకి తగ్గించాలి. దీనికి ఫోర్క్ విప్పక్కర్లేదు, మూత తీసి స్ప్రింగ్ లాగి, కొస వంచిన తీగతో ఎమ్యులేటర్ని పైకి లాక్కోవచ్చు, రెండు కాళ్ళకీ కలిపి ముప్పావు గంట.

రెండోది: వరసగా అలల్లాంటి గతుకులు వస్తే మొదటి రెండూ బాగా మింగుతుంది, ఐదో దానికి ముందు భాగం కిందకి దిగిపోయి బిగుసుకుంటుంది. ఒక గతుకు నుంచి పూర్తిగా లేచేలోపే ఇంకోటి వస్తోంది. పైకి లేచే అదుపు ఎక్కువైంది. ఆ దిశలో ఎమ్యులేటర్ చేసేది ఏమీ లేదు, నూనె చిక్కదనమే లెక్క. అదే తయారీదారు 10, 15 సగం సగం కలిపి పోశాను. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఇంకా కొంచెం బద్ధకంగా లేస్తోంది, పది నిమిషాలు నడిచాక సర్దుకుంటోంది.

ఐదో ఆదివారం

200 కి.మీ. తర్వాత. ఎడమ పైపు మీద టిష్యూ కాగితం చుట్టి నొక్కి చూశాను. చాలా పల్చటి తేమ ఉంది, ఉంగరం లేదు. ఆ మాత్రం తేమ ఉండాలి కూడా, పూర్తిగా పొడిగా ఉంటే సీల్ పెదవి అరిగిపోతుంది. బ్రాకెట్ బోల్టులు ఇంకోసారి తనిఖీ చేశాను, వేళ్ళతోనే ఎక్కుతున్నాయి.

ముందు భాగం కుదిరాక వెనక ఎంత అధ్వాన్నంగా ఉందో ఇప్పుడే తెలుస్తోంది. ఇంతకాలం రెండూ కలిసి ఎగిరేవి, తేడా తెలిసేది కాదు. వెనక షాక్‌లు కూడా అదే పద్ధతిలో కొలిచాను: నొక్కి వదిలితే 41, ఎత్తి దింపితే 25. తేడా 16. పుస్తకంలో రాసి, ఈసారి దాని కింద రెండు గీతలు గీశాను. వచ్చే వారం వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు విప్పి చూడాలి, షాక్‌లు కొనే ముందు.